తుమ్మచెట్టుకు చెప్పిన హెచ్చరిక

ఉద్యోగంలో ఉండగా నేను రాసిన నివేదికల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదని ధైర్యంగా చెప్పగలను. అయితే వాటిలో ఒకదానిలో నేను రాసిన ఒక నిజమైన వాక్యం వల్ల ఒక మనిషికి మేస్త్రీ పని పోయింది. అబద్ధం రాసినవాడికి దిద్దుకునే దారి ఉంటుంది. నిజం రాసి తప్పు చేసినవాడు ఎక్కడ దిద్దుకోవాలి? ఆ కాగితం ఈపాటికి చెదల పాలై ఉంటుంది. దానికి నేను రాసిన సవరణ దస్త్రంలో చేరనే లేదు. కనుక దాన్ని ఇక్కడైనా నమోదు చేయడం నా విధి అని భావించి రాస్తున్నాను. మనుషుల చేత పని చేయించే ఉద్యోగాల్లో కొత్తగా చేరే యువకులు దీన్ని చదవాలని నా కోరిక. చదివి ఏమి నేర్చుకోవాలో మాత్రం చెప్పలేను. అది నాకే ఇంకా తేలలేదు.

పంతొమ్మిది వందల అరవైల మొదటి సంవత్సరాల్లో నేను నందిగామలో రోడ్ల ఓవర్సీరుగా ఉండేవాణ్ణి. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా పెద్ద రోడ్డు, దాని నుంచి పెనుగంచిప్రోలు వైపు చీలే దారి నా అధీనంలో ఉండేవి. పనికి రెండు గ్యాంగులు. ఒకటి నందిగామ గ్యాంగు, రెండోది పేట గ్యాంగు. ఒక్కొక్క గ్యాంగుకు ఒక మేస్త్రీ, పార పట్టే మగవాళ్ళు, తట్టలు మోసే ఆడవాళ్ళు. నాకు క్రమమంటే ప్రీతి. పని ముగిశాక పారలన్నీ ఒకే వైపు తల పెట్టి పేర్చాలి. పొద్దున్నే మస్టరులో హాజరు పేరు పేరునా నేనే పిలవాలి. ఎవరు ఏ పని చేస్తున్నారో నా జేబులోని చిన్న పుస్తకంలో ఎక్కాలి. ఆ పుస్తకాన్ని మా హెడ్ గుమాస్తా "ఓవర్సీరు గారి పంచాంగం" అనేవాడు.

పేట గ్యాంగు పాత మేస్త్రీ చూపు తగ్గి పని మానుకున్నాడు. గ్యాంగులో అందరికన్నా చిన్నవాడు, ముప్పై ఏళ్ళు కూడా లేనివాడు ఒకడుండేవాడు. అతడు గునపం వేస్తే ఇద్దరి పని తెగేది. ఐదో తరగతి చదివాడు, కొలతలు తెలుసు, ఒక్క రోజు కూడా మానలేదు. ఇతణ్ణే మేస్త్రీ చేయాలని నిశ్చయించి హెడ్ గుమాస్తాతో చెప్పాను.

"మీకు కావలసింది మేస్త్రీయా అండీ, పనివాడా?" అన్నాడాయన.

"మంచి పనివాడే కదా మంచి మేస్త్రీ అయ్యేది?"

"అట్లా అయితే మిమ్మల్ని కూడా ముందు పార పట్టి చూపించమనేవాళ్ళుగా!"

ఆయన పరిహాసాన్ని పరిహాసంగానే తీసుకున్నాను. యువకుణ్ణి పిలిచి సంగతి చెప్పాను. అతడి ముఖంలో సంతోషానికి బదులు ఏదో ఇబ్బంది కనిపించింది.

"గ్యాంగులో అంతా నాకన్నా పెద్దోళ్ళేనండి. బాబాయిలు, మావయ్యలు."

"వయసుతో పనేమిటి?"

"అది కాదండి." తల గోక్కున్నాడు. "మా అత్త కూడా గ్యాంగులోనే ఉందండి."

"పని దగ్గర అత్తేమిటి, మామేమిటి? పని దగ్గర అందరూ పనివాళ్ళే" అన్నాను.

ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. పుస్తకంలో రాసుకున్నాను కూడా.

అతడి అత్తగారు నలభై ఐదేళ్ళ దిట్టమైన మనిషి. తట్టల ఆడవాళ్ళకు ఆమే ముందు నడిచేది. ఆమె నడక ఎంత వేగంగా ఉంటే ఆ రోజు పని అంత. దగ్గరి చుట్టరికంలోని పెళ్ళి కాదు కనుక ఆ పిల్లవాడు ఆమెకు అల్లుడే గాని మేనల్లుడు కాడు.

కొత్త మేస్త్రీ కింద మొదటి వారంలోనే నాకు అంతుబట్టని విషయాలు కనిపించసాగాయి. పెద్దవాళ్ళకు పని చెప్పడానికి మొహమాటపడి ఆ పని తానే చేసుకునేవాడు. పొద్దుగుంకే సరికి గ్యాంగులో అందరికన్నా అలసినవాడు మేస్త్రీయే. అది అర్థమైంది, మందలించాను. అర్థం కానిది ఇంకొకటి. అతడు తనలో తాను మాట్లాడుకునేవాడు. అదీ గట్టిగా. పార వైపు చూస్తూనో, మైలురాయి వైపు చూస్తూనో "గరుసు ఆ చివర పోస్తే బాగుంటది" అనేవాడు. ఎవరూ కదిలేవారు కాదు. అప్పుడు తట్టల వరసలో చివరన ఉండే ఒక ముసలావిడ కేక వేసేది.

"ఒసే, ఆ చివర పోయాలంట!"

అప్పుడు మేస్త్రీ అత్తగారు కదిలేది, వెనక వరసంతా కదిలేది. మేస్త్రీ దగ్గరికి వస్తే ఆమె కొంగు తల మీదికి లాక్కుని అటు తిరిగి నిలబడేది. చిన్నవాడు మేస్త్రీ అయ్యాడని ఆమెకు చులకనగా ఉందని నేను అనుకున్నాను. ఒక రోజు అందరి ముందూ అడిగాను.

"మేస్త్రీ వస్తే అటు తిరుగుతావేం? ఆ మాత్రం మర్యాద లేదా?"

"ఆయన మొహంతో నాకేం పనండి, నా తట్టతో నాకు పని గాని" అంది.

ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వెందుకో నాకు తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం హోదాకు తక్కువ అనిపించి సైకిలెక్కి వచ్చేశాను.

తరువాత నా దృష్టి ముసలావిడ మీద పడింది. తట్టలో సగం కూడా నింపుకోదు. నాలుగు నడకలకు ఒకసారి కూర్చుంటుంది. ఆమె చేసే పనల్లా మేస్త్రీ అన్న మాటను మళ్ళీ అనడం. ఒక మాట చెప్పడానికి ఇద్దరు మనుషులు! నా పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా "అనవసరం" అని రాశాను. నందిగామ గ్యాంగులో తాగునీళ్ళు అందించే మనిషి లేదు. ముసలావిడ కూతురి కాపురం నందిగామలోనే. ఒక్క ఉత్తరువుతో రెండు లెక్కలు సరిపోయాయి. ఆమెకు సులువైన పని, పేట గ్యాంగుకు ఒక బరువు తగ్గడం. ఇంత చక్కగా అమరిన ఏర్పాటు నా ఉద్యోగంలో మరొకటి లేదని ఆనాడు సంతోషించాను.

ఇక్కడే నా బుద్ధి తికమకపడుతుంది. ముసలావిడ వెళ్ళాక పేట గ్యాంగు పని తగ్గలేదు, పెరిగింది! పది రోజుల పాటు నా పుస్తకంలోని అంకెలు రోజు రోజుకూ ఎక్కుతూ వచ్చాయి. గ్యాంగులో మాటలు లేవు, కేకలు లేవు. అంతా నిశ్శబ్దంగా, గడియారంలా సాగింది. హెడ్ గుమాస్తాకు అంకెలు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "బాగుందండి. ఇంత బాగుంటే నాకెందుకో భయం" అన్నాడు. ఆయనకు అన్నింటికీ భయమే అనుకున్నాను.

పెనుగంచిప్రోలు తిరునాళ్ళ దగ్గర పడింది. బండ్లు వందల కొద్దీ ఆ దారినే వెళ్తాయి. ఈలోగా దారి అంచులకు గరుసు మట్టి పరిచి తీరాలి. దారి పక్కన రెండు నిలువుల లోతు గరుసు గొయ్యి ఒకటి ఉండేది. గడువు నేనే పెట్టాను. రోజుకు ఎన్ని బండ్ల గరుసు తీయాలో కూడా నేనే నిర్ణయించాను. గట్టును పై నుంచి మెట్లు మెట్లుగా తవ్వాలన్నది నియమం. తొందరలో ఉన్న మనుషులు గట్టు అడుగున తొలుస్తారు. పైది దానంతట అదే విరిగి పడుతుంది, శ్రమ తక్కువ. వద్దని చెప్పాను. చెప్పి, గడువును మాత్రం ఒక్క రోజు కూడా పెంచలేదు.

ఆ రోజు ఉదయం పది గంటల వేళ నేను సైకిల్ మీద గొయ్యి దగ్గరికి చేరాను. మగవాళ్ళు దారి మీద బండికి గరుసు ఎత్తుతున్నారు. ఆడవాళ్ళు నిండు తట్టలతో పైకి వెళ్ళిపోయారు. గొయ్యిలో మిగిలింది మేస్త్రీ అత్తగారు ఒక్కతే. గట్టు కింద వంగి తట్ట నింపుకుంటున్నది. మేస్త్రీ సరిగ్గా ఆమెకు పైన, గట్టు మీద నిలబడి ఉన్నాడు. గట్టు అంచున ఒక తుమ్మచెట్టు ఉంది. అతడు ఆ చెట్టు వైపు తిరిగి, అన్నాడు కదా:

"గోతిలో ఉండటం మంచిది కాదు. గట్టు బీటిచ్చింది. పైకి రావటం మంచిది."

గొంతు పెద్దదే. నాకు స్పష్టంగా వినిపించింది. మళ్ళీ మొదలుపెట్టాడు తనలో తాను మాట్లాడుకోవడం, అనుకున్నాను. ఈసారి దీన్ని గట్టిగా మందలించాలని జేబులోంచి పుస్తకం తీసి, పెన్సిలు మొన చూసుకుని, వేళ రాయడం మొదలుపెట్టాను.

అతడు రెండోసారి అన్నాడు. అప్పుడూ చెట్టుకే చెప్పాడు. గొయ్యిలోని మనిషి తట్ట నింపుతూనే ఉంది. మూడోసారి అతడు ఏమీ అనలేదు. పైనుంచి దూకాడు. నేను తల ఎత్తే సరికి అతడు ఆమెను జబ్బ పట్టుకుని ఈడ్చి అవతలికి తోస్తున్నాడు. గట్టు విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ధాన్యపు బస్తా జారినట్టు అయింది, అంతే. దుమ్ము తగ్గాక చూస్తే అతడు నడుము దాకా గరుసులో ఉన్నాడు. అత్తగారు కొంగు జారిన సంగతి కూడా చూసుకోకుండా రెండు చేతులతో తవ్వుతున్నది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా అనుకోలేదు.

ప్రాణాలు దక్కాయి. అతడి కుడి మోకాలు నలిగింది. ఇక ఆ కాలు వంగదని పేట ఆసుపత్రిలో చెప్పారు. గునపం పట్టే పని ఇక అతడి వల్ల కాదు. మేస్త్రీ ఉద్యోగం నిలిస్తేనే అతడి ఇల్లు నిలుస్తుంది. ఇది నాకు తెలుసు. తెలిసే విచారణకు వెళ్ళాను.

"గొయ్యిలోని మనిషిని హెచ్చరించావా?"

"అన్నానండి."

"ఎవరితో అన్నావు?"

అతడు ఆసుపత్రి కప్పు వైపు చూశాడు. "ఎవరితోనూ అనలేదండి."

"పేరు పెట్టి పిలవవచ్చు కదా?"

"అయ్యో, పేరా!" అన్నాడు. అంత నొప్పిలోనూ అతడికి నవ్వు వచ్చింది. నాకు కోపం వచ్చింది.

"అయితే హెచ్చరించలేదని రాసుకోనా?"

"రాసుకోండి. ఆమె తప్పేం లేదండి. అదొక్కటి రాయండి."

నివేదికలో ఇలా రాశాను: "ప్రమాదానికి ముందు మేస్త్రీ ఎవరినీ ఉద్దేశించి హెచ్చరిక చేయలేదు." ఇందులో ఏ మాట అబద్ధమో చూపించమనండి. పది రోజుల్లో అతణ్ణి మేస్త్రీ పని నుంచి తొలగిస్తూ ఉత్తరువు వచ్చింది.

ఉత్తరువు అందిన మరునాడు నందిగామలోని మా ఆఫీసుకు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు ముసలావిడ, వెనక మేస్త్రీ అత్తగారు. రెండో ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏందండి ఓవర్సీరు గారూ, మా పిల్లోడి పని తీసేశారంట?" అంది ముసలావిడ.

"అతడు హెచ్చరించలేదమ్మా."

"ఎట్టా హెచ్చరిస్తాడండి? ఆ మాట మోయటానికి నేనుండేదాన్ని. నన్నేమో ఇక్కడ కుండ దగ్గర కూర్చోబెడితిరి!"

నేను జేబులోంచి పుస్తకం తీసి ఆ పది రోజుల పుట తెరిచాను. తరువాత, నాకు సమాధానం దొరకని ప్రశ్న అడిగాను. "మరి నువ్వు వచ్చేశాక పది రోజులు పని పెరిగిందే?"

"ఎందుకు పెరగదండి? చెప్పేవాళ్ళు లేకపోయేతలికి, ఇదిగో ఇది, ఆయన చూపు ఎటు పోద్దో కొంగు చాటు నించి చూసుకుని అటు ఉరికేది. అల్లుడికి మాట రాకూడదని చచ్చేట్టు పనిచేసింది. గోతిలోకి దిగాక చూపేం కనపడుద్దండి, ఆయనేమో గట్టు మీదాయె."

"మాట వినిపించింది కదా! నాకే వినిపించింది."

దీనికి గుమ్మం దగ్గరి ఆమె బదులు చెప్పింది. "వినపడిందండి. తట్ట నింపి వస్తాంలే అనుకున్నా. ఆయన రోజూ చెట్టుకీ పుట్టకీ చెప్తానే ఉంటాడుగా. ఏది తొందరో ఏది కాదో నాకెట్టా తెలుసుద్ది?" కాస్త ఆగి, "మీకు అత్తగారున్నారాండి?" అంది.

"ఉన్నారు."

"ఆమె నెత్తిన దూలం పడబోతందనుకోండి. మీరేమని కేకేస్తారు?"

హెడ్ గుమాస్తా కలం కింద పెట్టాడు.

మా అత్తగారు ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నారు. నా పెళ్ళయి అప్పటికి పదకొండేళ్ళు. ఆవిడ నా ఎదుటికి వచ్చేవారు కాదు. వంటింటి తలుపు చాటు నుంచి "అన్నం చల్లారిపోతున్నదని చెప్పవే" అని మా ఆవిడతో అనేవారు. "ఈ పని పూర్తయ్యాక వస్తానని చెప్పు" అని నేను మా ఆవిడతో అనేవాణ్ణి. మా మధ్య ఎనిమిది అడుగుల దూరం. ఇదంతా రోజూ చేస్తున్నవాణ్ణి, రోడ్డు మీద అదే పని జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను. ఈ మర్యాదలు చదువుకున్న ఇళ్ళవని, తట్టలు మోసేవాళ్ళకు వీటికి తీరిక ఎక్కడిదని నేను అనుకుని ఉండాలి. అనుకున్నానని కూడా నాకు తెలియదు. ఆ ముసలావిడ పేరుకు ఎదురుగా "అనవసరం" అని రాసిన సాయంత్రం కూడా మా ఆవిడ మా మాటలు అటూ ఇటూ మోస్తూనే ఉంది.

ఆ వారమే సవరణ రాశాను. నాలుగు పుటలు. ముసలావిడను ఎందుకు తీశానో, గడువు ఎవరు పెట్టారో రాశాను. హెచ్చరిక నేను కూడా విన్నానని, విని అరవకుండా పుస్తకంలో రాసుకుంటూ నిలబడ్డానని రాశాను. స్వయంగా తీసుకువెళ్ళి పై అధికారికి ఇచ్చాను. ఆయన చివరి దాకా చదివాడు.

"ఏమయ్యా, అత్తా అల్లుడు వరసలు ఏ గడిలో వేయమంటావు?"

"ఏ గడిలోనైనా సరేనండి. అతడి తప్పు లేదు."

"ఇది దస్త్రంలో పెడితే అతడి సంగతి ఏమవుతుందో చెప్పలేను. నీకు మాత్రం రేపే నోటీసు ఇవ్వాలి." కాగితాలు మడిచి నా వైపు జరిపాడు. "ఆలోచించుకో. ఇక్కడే ఉంచుతావో, పట్టుకుపోతావో."

పట్టుకువచ్చాను.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. సవరణ దస్త్రంలో చేరలేదని పైన రాశాను. చేరకుండా చేసింది నేనే.

ఆ తరువాత చేయగలిగిన చిన్న పనులు చేశాను. ముసలావిడను తిరిగి పేట గ్యాంగుకు మార్చాను. కారణం రాయవలసిన చోట ఖాళీ వదిలాను. నా ఉద్యోగంలో నేను వదిలిన ఖాళీ అదొక్కటే. మేస్త్రీగా ఒక పెద్దవాణ్ణి పెట్టాను. తారు పని జరిగే రోజుల్లో ఎర్రజెండా పట్టుకుని కూర్చునే పని ఆ కుంటి యువకుడికి ఇచ్చాను. అది ఏడాదిలో సగం రోజులు కూడా ఉండదు. అతడు నాకు దండం పెట్టాడు. ఆ దండం నేను ఎలా స్వీకరించానో చెప్పలేను.

మరుసటి ఏడు పేట దగ్గర తారు వేస్తుండగా వెళ్ళాను. అతడు మైలురాయి మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అత్తగారు కంకర తట్టతో రోడ్డు దాటబోతున్నది. నందిగామ వైపు నుంచి లారీ వస్తున్నది. అతడు జెండా ఎత్తి, రోడ్డు వైపు కాకుండా ఆకాశం వైపు చూస్తూ, "లారీ వస్తంది, ఆగితే మంచిది" అన్నాడు.

"ఒసే, ఆగవే! లారీ అంట!" అని ముసలావిడ కేక.

ఆమె ఆగింది. లారీ వెళ్ళింది. ఆమె కొంగు సవరించుకుని రోడ్డు దాటింది.

నేను ముసలావిడ దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఆ రోజు జబ్బ పట్టుకుని ఈడ్చాడు. ఆమె తన చేతులతో అతణ్ణి తవ్వి తీసింది. ఇంకా మాట్లాడుకోరా?"

"ఎందుకండి?" అంది ముసలావిడ ఆశ్చర్యపోతూ. "నేను వచ్చేశాగా!"

నాకు ఏమీ పాలుపోలేదు. ఇప్పటికీ పాలుపోదు. అతణ్ణి మేస్త్రీ చేయడం తప్పా? చేయకపోతే ఆ గ్యాంగులో చదువు వచ్చినవాడు ఇంకెవడు? వాళ్ళ మర్యాదను కాదని నేరుగా మాట్లాడుకోమని ఉత్తరువు వేయవలసిందా? నా ఇంట్లో నేను వేయలేని ఉత్తరువు అది. ముసలావిడను తీయడమే తప్పు అనుకుంటే, తీశాక పెరిగిన ఆ పది రోజుల అంకెలు నా ఎదురుగా నిలబడతాయి. అవి కూడా నిజమైన అంకెలే. యువకులారా, అంకెలు పెరిగినప్పుడు ఎందుకు పెరిగాయో అడగండి అని చెబుదామనుకుంటాను. అడిగితే మాత్రం నాకు ఎవరు చెప్పేవారు? నాకు మాట మోసే మనిషిని నేనే పంపించేశాను కదా.

మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. చివరి దాకా ఆవిడను నేను ఏమనీ పిలవలేదు. అది మా ఇద్దరికీ లోటుగా కూడా అనిపించలేదు.

కాని ఒక సంగతి ఈ మధ్యనే, ఈ కాగితాలు రాయడానికి కూర్చున్నాకే తోచింది. ఆ ఉదయం గొయ్యి దగ్గర అల్లుడు ఆమెను పేరు పెట్టి పిలవలేడు, సరే. నేను పిలవగలను. రోజూ పొద్దున్నే మస్టరు తెరిచి ఆమె పేరు గట్టిగా పిలిచినవాణ్ణి నేనే. నేను పిలిస్తే ఆమె "ఉన్నానండి" అని చేయి ఎత్తేది. ఆనాడు కూడా పిలిచి ఉంటే తల ఎత్తి చూసేది.

ఇందులో కొలతలు, కాలాలు, గొయ్యి లోతు జ్ఞాపకం మీద రాసినవి. పేట గ్యాంగు వాళ్ళ పిల్లలు, మనవలు ఎవరైనా ఇది చదివితే తప్పులున్న చోట మొహమాటం లేకుండా దిద్దవలసిందిగా ప్రార్థిస్తున్నాను. దిద్దేటప్పుడు ఎవరి ద్వారానో చెప్పించవద్దు. నేరుగా నాకే చెప్పండి.